షేర్డ్ ఫోల్డర్ కనిపిస్తోంది కానీ తెరుచుకోవట్లేదు

ప్రశ్న: విండోస్ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (ఒక సిస్టమ్ లోపల ఇంకో సిస్టమ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వేసి ఉబుంటు పెట్టుకున్నాను. షేర్డ్ ఫోల్డర్ ఇచ్చాను, ఉబుంటులో కనిపిస్తోంది కూడా, క్లిక్ చేస్తే పర్మిషన్ లేదంటోంది. ప్రతి ఫైలూ నాకు నేనే మెయిల్ చేసుకుంటున్నాను. ఏం చేయాలి?

జవాబు: ఆ మెయిళ్లు ఇవాళ్టితో ఆపేయొచ్చు. ఫోల్డర్ కనిపిస్తోందంటే గెస్ట్ అడిషన్స్ (ఉబుంటు లోపల వేసే వర్చువల్‌బాక్స్ అదనపు సాఫ్ట్‌వేర్) సరిగ్గానే పడ్డాయి, వాటిని తీసేసి మళ్లీ వేసే పని పెట్టుకోకండి. మీడియా డైరెక్టరీలో ఎస్ఎఫ్, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఆ ఫోల్డర్‌కి ఓనర్ రూట్, అంటే ఉబుంటులో అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ ఖాతా. దాన్ని తెరిచే హక్కు రూట్‌కీ, ఒక గ్రూప్‌కీ మాత్రమే ఉంటుంది, ఆ గ్రూప్‌లో మీ పేరు లేదు, అంతే.

ఆ గ్రూప్ పేరు వి, బి, ఓ, ఎక్స్, ఎస్, ఎఫ్, ఆరక్షరాలూ స్మాల్ లెటర్స్‌లో, మధ్యలో ఖాళీ లేకుండా. టెర్మినల్‌లో సుడో, యాడ్‌యూజర్, మీ యూజర్‌నేమ్, ఆ గ్రూప్ పేరు వరసగా కొట్టి ఎంటర్ నొక్కండి. తర్వాత ఉబుంటుని ఒకసారి రీస్టార్ట్ చేయాలి. చాలామంది ఇక్కడే ఇరుక్కుపోతారు, టెర్మినల్ మూసి తెరిస్తే చాలనుకుంటారు, కానీ మళ్లీ లాగిన్ అయితే తప్ప కొత్త గ్రూప్ లెక్కలోకి రాదు. రీస్టార్ట్ అయ్యాక గ్రూప్స్ అనే కమాండ్ కొడితే ఆ పేరు కనిపించాలి.

మీరు షేర్ చేసింది ఏ ఫోల్డరో రాయలేదు. సి డ్రైవ్ మొత్తమో, డాక్యుమెంట్స్ మొత్తమో ఇచ్చి ఉంటే దయచేసి ఇప్పుడే మార్చండి. ఉబుంటు టెర్మినల్‌లో ఆర్‌ఎం కమాండ్‌తో అక్కడి ఫైల్ తీసేస్తే అది విండోస్‌లోనూ పోతుంది, రీసైకిల్ బిన్‌లో కూడా దొరకదు. నాకు తెలిసిన ఒక కుర్రాడు రికార్డు సబ్మిట్ చేయాల్సిన ముందు రోజు రాత్రి ఇలాగే మొత్తం పోగొట్టుకున్నాడు, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. ఇచ్చిపుచ్చుకోవడానికని ఒక ఖాళీ ఫోల్డర్ విడిగా పెట్టుకోండి. విండోస్ నుంచి తెచ్చుకోవడమే తప్ప అటు రాసే పని లేకపోతే, షేర్ సెట్టింగ్స్‌లో రీడ్ ఓన్లీ టిక్ చేయండి.

కోడింగ్ ప్రాజెక్టు మాత్రం అందులో నడపకండి. అక్కడ సిమ్‌లింకులు (ఇంకో ఫైల్‌ని చూపించే షార్ట్‌కట్ లాంటివి) మామూలుగా పనిచేయవు, ఫైల్ పర్మిషన్లు మార్చినా మారవు, పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక ప్రాజెక్టుకి విడిగా పెట్టుకునే పైథాన్ సెటప్) కట్టబోతే ఎర్రర్ వస్తుంది, తప్పు మీ కోడ్‌లో ఉందేమోనని గంటలు గంటలు వెతుక్కుంటారు. ప్రాజెక్టుని ఉబుంటు హోమ్‌లో ఉంచి, అయిపోయాక జిప్ చేసి అవతలికి పంపండి. రెండు మాటలు కాపీ చేయాలంటే ఫోల్డర్ కూడా అక్కర్లేదు, వర్చువల్‌బాక్స్ విండోలోని డివైసెస్ మెనూలో షేర్డ్ క్లిప్‌బోర్డ్‌ని బైడైరెక్షనల్‌గా, అంటే రెండు వైపులా పనిచేసేలా, పెట్టుకోండి.

ఇంత చేసినా తెరుచుకోకపోతే, గ్రూప్స్ కమాండ్‌కి ఏం చూపించిందో రాయండి, అక్కణ్నుంచి చూద్దాం.