పిల్లి చెవి కడిగే ముందు చూడాల్సినవి

చిరంజీవి శైలజకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ పిల్లి రెండు చెవులూ గోక్కుంటోందని, లోపల నల్లగా ఏదో ఉందని రాసినావు. కొబ్బరినూనె వెచ్చజేసి పొయ్యమని పక్కింటివాళ్లు చెప్పినారంటివే, అది మటుకు చెయ్యొద్దు. నూనె లోపలే నిలిచి మురికిని ముద్ద చేస్తుంది. డాక్టరు చూద్దామన్నా ఏమీ కనబడనియ్యదు.

పిల్లి చెవికి మామూలుగా మన సాయం అక్కర్లేదు, గులిమిని అదే బయటికి తోసుకుంటుంది. మనం వారానికోసారి చూడాలంతే. పగటి వెలుతురులో చెవి డొప్పను మెల్లగా వెనక్కి మడిచి చూడు. లేత గులాబీ రంగులో, పొడిగా, వాసన లేకుండా ఉంటే చెయ్యి పెట్టొద్దు. గోధుమరంగు గులిమి రవ్వంత ఉన్నా పర్వాలేదు. డొప్ప బయటి అంచున కిందిపక్క చిన్న జేబులాగా చర్మం మడతపడి ఉంటుంది, దాన్ని గాయమనుకోవద్దు. అందులో చేరిన దుమ్మును పైపైన తుడిస్తే చాలు. కంటికీ చెవికీ మధ్య వెంట్రుకలు పలచగా ఉండడం కూడా పిల్లికి సహజమే. బాగున్న చెవిని ఊరికే కడుగుతుంటే లోపలి చర్మం చెమ్మకు నానిపోయి, లేని జబ్బు వస్తుంది.

నీ పిల్లి సంగతి వేరు. కాఫీ డికాషన్ తీసినాక అడుగున మిగిలే పిప్పిలాగా నల్లగా, పొడిపొడిగా ఉంటే చాలాసార్లు అది ఇయర్ మైట్స్ అనే సన్న పురుగుల పని. గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. కాబట్టి పైన మురికి తుడిచేస్తే రెండు రోజులు బాగుంటుంది, గుడ్లు లోపలే ఉంటాయి గనక మళ్లా మొదలవుతుంది. దానికి మందు కావాలి. సెలామెక్టిన్ లాంటి మందును డాక్టరు పిల్లి బరువును బట్టి మెడ వెనక వేస్తాడు. ఇంట్లో ఇంకో పిల్లో కుక్కో ఉంటే వాటికీ వైద్యం చేయించాల, లేకపోతే ఒకదాన్నుంచి ఒకదానికి తిరుగుతూనే ఉంటుంది. కుక్కకు పిడుదుల కోసం తెచ్చిన మందును పిల్లికి వెయ్యొద్దు. అందులో పర్మెత్రిన్ ఉంటే పిల్లికి ఫిట్స్ వచ్చి ప్రాణమే పోవచ్చు.

నలుపంతా పురుగులే అనుకోవడానికీ లేదు. జిడ్డుగా గోధుమరంగులో ఉంటే ఫంగస్ కావచ్చు, పచ్చగా చీములాగా కంపు కొడితే బాక్టీరియా కావచ్చు. డాక్టరు కొంచెం మురికి తీసి మైక్రోస్కోపు కింద చూస్తేనే తేలుతుంది. అందుకే చూపించే ముందు రెండు రోజులు చెవి కడగొద్దు. ముందు కడపలోనే పశువుల ఆసుపత్రిలో చూపించు. అక్కడ తేలకపోతే ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల ఉండనే ఉంది.

తల ఒక పక్కకే వాల్చినా, నడుస్తూ తూలినా, గుండ్రంగా తిరిగినా, కనుగుడ్లు అటూ ఇటూ అదురుతున్నా, చెవి తాకితే అరిచినా, రక్తం కనబడినా చెవిలో ఒక్క చుక్క కూడా వెయ్యొద్దు. కర్ణభేరి చిరిగి ఉంటే ఆ ద్రవం నడిమి చెవిలోకి దిగి వినికిడినీ, నిలకడనూ దెబ్బ తీస్తుంది. ఉన్నట్టుండి ఒక్క చెవే విదిలిస్తుంటే గడ్డి గింజో పిడుదో దూరి ఉండొచ్చు. కంటికి కనబడనిదాని కోసం పట్టకారు లోపలికి పెట్టొద్దు. గోకీ గోకీ డొప్ప మెత్తగా ఉబ్బితే లోపల రక్తం చేరిందని అర్థం. సూదితో పొడవొద్దు, డాక్టరే చూడాల.

ఇంట్లో కడగమని డాక్టరు చెప్పినాక, పిల్లులకు పనికొచ్చే ఇయర్ క్లీనర్, అదీ స్పిరిట్ లేనిది, అడిగి తెచ్చుకో. దూది ఉండలు ఏడెనిమిది, పాత టవలు ఒకటి, దానికి ఇష్టమైన తిండి కొంచెం దగ్గర పెట్టుకో. గోళ్ల కొనలు ముందురోజే కత్తిరించు. మన కడప ఎండల్లో కిటికీ దగ్గర పెట్టిన సీసా కాగిపోతుంది, చలికాలంలోనేమో చల్లబడుతుంది. చల్లటి ద్రవం చెవిలో పడితే పిల్లికి కళ్లు తిరుగుతాయి. మణికట్టు మీద ఒక చుక్క వేసి చూడు, వేడీ చలీ ఏదీ తెలియకూడదు. చల్లగా ఉంటే సీసాను కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచు.

తిని మత్తుగా ఉన్నప్పుడు తలుపు వేసి, వీపు నీ వైపు ఉండేట్టు కూర్చోబెట్టి, తల ఒక్కటే బయటికి వచ్చేట్టు టవలు చుట్టు. ఇంకొకరు పట్టుకుంటే మేలు. మెడ తోలు పట్టి ఎత్తొద్దు, భయపడి ఇంకా పెనుగులాడుతుంది.

చెవి డొప్పను మెల్లగా పైకి ఎత్తి పట్టు. అప్పుడు దారి కొంచెం తిన్నగా అవుతుంది. సీసా మూతి చెవికి తగలకుండా అర మిల్లీలీటరు నుంచి ఒకటి దాకా వెయ్యి. సీసా మీద వేరే కొలత ఉంటే అదే పాటించు. సీసా చప్పుడుకు బెదిరే పిల్లి అయితే దూది ఉండ తడిపి చెవి మొదట్లో పిండు. వెంటనే చెవి అడుగున, దవడ మలుపు దగ్గర, వేళ్లతో ఇరవై ముప్పై సెకన్లు మర్దన చెయ్యి. లోపల బుడబుడమని వినిపిస్తే ద్రవం మురికిని కరిగిస్తోందని అర్థం. తర్వాత వదిలేసి నీ మొహం పక్కకు తిప్పుకో, అది తల విదిలిస్తుంది. విదిలించనీ, లోతులోని మురికి పైకి వచ్చేదే ఆ విదిలింపుతో.

ఆపైన వేలికి దూది చుట్టి, వేలు దానంతటది పోయినంతవరకే తుడువు. ప్రతిసారీ కొత్త దూది తీసుకో, రెండో చెవికి అసలే పాతది వాడొద్దు. రెండు సార్లు తుడిచినా మురికి వస్తుంటే ఆపు, మిగిలింది రేపు. చర్మం ఎర్రబడితే అప్పుడే ఆపు. చెవిలో వేసే మందు ఇచ్చి ఉంటే పావుగంట ఆగి, తడి ఆరినాక వెయ్యి.

ఇయర్ బడ్స్ చెవి లోపలికి పెట్టొద్దు. పిల్లి చెవి దారి నిలువుగా దిగి అడ్డంగా తిరుగుతుంది. పుల్ల ఆ మలుపు దగ్గరికి మురికిని కూరుతుంది, అదే సమయానికి తల విదిలిస్తే గాయమవుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ చర్మాన్ని మండిస్తాయి. డెటాల్, టీ ట్రీ ఆయిల్, కర్పూరం, వెల్లుల్లి కాచిన నూనె పిల్లి ఒంటికి విషం. చెవిలో వేసినది పంజాకు అంటి, పంజా నాకినప్పుడు కడుపులోకే పోతుంది. మనుషుల చెవి చుక్కలూ వద్దు.

కరిచినా గీరినా గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోయి రేబిస్ టీకా సంగతి అడుగు. మన ఇంటి పిల్లే కదా అనుకోవద్దు.

ఇంకొకటి. నీది తెల్ల పిల్లి. తెల్ల చెవుల కొనల్లో రంగు ఉండదు గనక మన ఎండకు కమిలిపోతాయి. ఏళ్ల తరబడి అట్లా కమిలితే అక్కడ కేన్సర్ కూడా రావచ్చు. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా మిద్దె మీదికి వదలొద్దు. చెవి కొన మీద పక్కు కట్టి రెండు మూడు వారాలైనా మానకపోతే చూపించు.

మీ పెద్దమ్మ