తూకం విషయంలో మేనత్త మాట

చిరంజీవి శిరీషకు మేనత్త ఆశీర్వదించి రాయునది.

ఇంటర్ పరీక్షలు కాగానే కుస్తీ నేర్చుకోవడానికి హర్యానాలోని రోహ్‌తక్ వెళ్తున్నావనీ, అక్కడ 50 కిలోల విభాగంలో ఆడాలని నిశ్చయించుకున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. మొదటి మాటకు మనసు పొంగింది. రెండో మాటకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన విజయనగరం జిల్లాలో ఆడపిల్ల బరువులెత్తుతానంటే ఎవరూ వింతగా చూడరు. వెయిట్‌లిఫ్టర్ల ఊరు కొండవెలగాడ పేరు తెలియనివారెవరు? కుస్తీ అనగానే మాత్రం వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడుగారు తప్ప మరొకరు మనవాళ్ళకు తోచరు, ఆయన పోయి ఎనభై ఏళ్ళు దాటింది. ఫోగట్ అక్కచెల్లెళ్ళూ, సాక్షీ మలిక్, అంతిమ్ పంఘాల్ అందరూ హర్యానా పిల్లలే. ఇక్కడ నీ బరువున్న ఆడపిల్ల సాధనకు దొరకడమే గగనం కాబట్టి నువ్వు అక్కడికి వెళ్ళడం సబబే.

గోళ్ళు పెరగనివ్వకు, ఇంకొకరి తువ్వాలు వాడకు, ఒంటి మీద తామర మచ్చ కనబడితే మ్యాట్ ఎక్కకముందే డాక్టరుకు చూపించు, ఎవరు ఇచ్చినా డబ్బాల్లోని పొడులు మింగకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయమంతా ఆ 50 కిలోల మీదే. సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు 56 కిలోలు తూగావు, ఆ ఒంట్లో కొవ్వు ఎక్కడుందో నాకైతే కనబడలేదు.

1990లలో నేను వెయిట్‌లిఫ్టింగ్‌లో బార్ పట్టిన రోజుల్లో, హాస్టల్లో నా పక్క మంచం మీద నెల్లిమర్ల వైపు పిల్ల ఒకతె ఉండేది. ఆమెది 54 కిలోల విభాగం. అందులో పోటీ గట్టిగా ఉందనీ, 50కి దిగితే పతకం ఖాయమనీ శిక్షకుడొకాయన చెప్తే నమ్మింది. పోటీలు దగ్గరపడ్డాక అన్నం మానేసింది, ఆఖరికి నీళ్ళు కూడా మానేసింది. మే నెల ఎండలో రెయిన్‌కోటు మీద స్వెట్టరు తొడుక్కుని మైదానం చుట్టూ పరుగెత్తేది. చెమట పట్టడం ఆగిపోయాక, ఇంకాస్త తగ్గుతుందేమోనని గ్లాసు పట్టుకుని అందులో ఉమ్ముతూ కూర్చునేది. తూకం నాటి పొద్దున ఆమె పెదవులు పొలుసులు కట్టి ఉన్నాయి, నవ్వబోతే చిట్లి నెత్తురు వచ్చింది. తూకం సరిపోయింది, శిక్షకుడు వీపు తట్టాడు. రెండు గంటల తరవాత వేదిక మీద, సాధనలో రోజూ ఆడుతూ పాడుతూ ఎత్తే బరువును స్నాచ్‌లో, అంటే ఒక్క ఊపున తల మీదికి ఎత్తే పోటీలో, మోకాళ్ళు దాటించలేకపోయింది. రెండోసారి బార్ తల మీదికి వెళ్ళి వెనక్కి జారింది. మూడోసారి బార్‌ను పట్టుకుని వంగి అలాగే ఉండిపోయింది, గంట మోగింది. స్నాచ్‌లో మూడు ప్రయత్నాలూ పోతే ఇక మొత్తం లెక్కే ఉండదు. నెలసరి ఆగి చాలా కాలమైందని సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదని మాకు తరవాత తెలిసింది. ఆమె మళ్ళీ పోటీలకు రాలేదు. పిల్లకు సత్తా లేదన్నారే గాని, ఆ శిక్షకుణ్ణి ఒక్కరూ నిలదీయలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాకైనా ఒక్క తూకంతో పోయేది, మీ ఆటలో అదీ లేదు. 2018 నుంచి పెద్ద పోటీల్లో ఒక్కో విభాగం రెండు రోజులు సాగుతోంది, రెండో రోజు పొద్దున మళ్ళీ తూగాలి. రియో ఒలింపిక్స్‌లో 48, టోక్యోలో 53 కిలోల విభాగాల్లో ఆడిన వినేశ్ ఫోగట్, 53లో చోటు అంతిమ్‌కు వెళ్ళడంతో పారిస్‌లో 50కి దిగింది. 2024 ఆగస్టు 6న, అంతవరకు అంతర్జాతీయ పోటీల్లో ఓటమే ఎరగని జపాన్ అమ్మాయి సుసాకీని ఓడించి ఫైనల్‌కు చేరింది. రాత్రంతా శ్రమించి, జుట్టు కత్తిరించుకున్నా మర్నాడు 100 గ్రాములు ఎక్కువే తేలింది, చేతికందిన పతకం పోయింది. అంతటి ఆటగత్తె చుట్టూ డాక్టర్లూ నిపుణులూ ఉండి కూడా అలా జరిగితే, హాస్టల్ గదిలో ఒంటరిగా ఉండే నీకు కాపు ఎవరు?

ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు 50, 53, 57, 62, 68, 76 కిలోల విభాగాలున్నాయి. నీకు 57 ఉంది కదా! అక్కడ బలమైనవాళ్ళు ఉంటారనే కదా నీ బెంగ? బరువులెత్తే మన ఊసవానిపేట కరణం మల్లీశ్వరిని చూడు. 1994, 1995లో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయింది. ఆ తరవాత బరువు పెంచుకుంటూ పోయి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో కంచు పతకం తెచ్చింది. ఇక కుస్తీ అంటావా, మూడేసి నిమిషాల చొప్పున రెండు అంకాలు. రియోలో సాక్షి కంచు పతకం కోసం ఆడిన కుస్తీలో 0-5తో వెనకబడి, ఆఖరి క్షణాల్లో 8-5తో గెలిచింది. ఒంట్లో తడి ఆరిపోయినదానికి ఆ క్షణాల్లో ఊపిరి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకొక మాట, ఆడపిల్లవు కనుక రాయక తప్పదు. 2023లో వినేశ్, సాక్షి వంటివారే లైంగిక వేధింపుల ఫిర్యాదులతో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చోవలసి వచ్చింది. ఈ వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం, పదిమందికి తగ్గకుండా పనిచేసే శిక్షణ సంస్థల్లోనూ ఫిర్యాదుల సంఘం ఉండి తీరాలి. చేరిన రోజే అందులో ఎవరెవరున్నారో అడిగి రాసుకో. గాయం చూస్తానని ఎవరు పిలిచినా ఒంటరిగా గదిలోకి వెళ్ళకు. ఏదైనా జరిగితే అమ్మా నాన్నా బాధపడతారని దాచకు, ముందు నాకు చెప్పు. నిన్ను వెనక్కి రమ్మని నేను అననే అనను.

కసిరానని అలగకమ్మా. సమతా ఎక్స్‌ప్రెస్‌కు మీ నాన్న స్లీపర్ టికెట్ తీశాడట. ఢిల్లీలోని నిజాముద్దీన్ దాకా ఆ వేసవి గాడ్పులో ఎలా పోతావు? డబ్బు పంపుతున్నాను, ఏసీకి మార్పించమను. చోడిపిండి, పలాస జీడిపప్పు తీసుకుని బొబ్బిలి స్టేషనుకు నేనే వస్తాను. అక్కడికి చేరాక శిక్షకులతో మాట్లాడి ఏ విభాగమో తేల్చుకుని ఫోను చెయ్యి. 50 అన్నావంటే మాత్రం మరుసటి రైలుకే నేనూ దిగుతాను.

ఇట్లు,
మీ అత్త