‘పనిచేయదని తేలింది’, ‘పనిచేస్తుందని తేలలేదు’

సందేహం: మాది రాయగడ జిల్లా గుణుపురం. ఆసుపత్రిలో నర్సును. తెలుగు చదివే రోగుల బంధువుల కోసం సెప్టిక్ షాక్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి రక్తపోటు ప్రమాదకరంగా పడిపోయే స్థితి) గురించి ఒక కరపత్రం రాశాను. అందులో ‘మొదటి ఆరు గంటల ప్రత్యేక చికిత్సా పద్ధతి పనిచేయదని ట్రయల్స్‌లో తేలింది’ అన్న వాక్యాన్ని మా డాక్టరు గారు ‘పనిచేస్తుందని తేలలేదు’ అని దిద్దారు. రెండింటికీ తేడా ఉన్నదా? అలాగే, ‘మందు ఇవ్వబడును’ అనవచ్చునా?

సమాధానం: తేడా ఉన్నదమ్మా. రెండూ ఒకటే అనిపించడానికి ‘అనుకొను’ వంటి క్రియలు కారణం. ‘వాన పడుతుందని అనుకోను’ అన్నా, ‘వాన పడదనుకుంటాను’ అన్నా వినేవారు ఒకే అర్థం తీసుకుంటారు. ‘తేలు’, ‘రుజువగు’ అన్నవి అటువంటి క్రియలు కావు. ‘అప్పు తీర్చాడని తేలలేదు’ అంటే వివాదం ఇంకా తెగలేదు. ‘తీర్చలేదని తేలింది’ అంటే బాకీ ఖాయమైనట్టే. మీ వైపు ‘నేదు’ అన్నా, మరొకచోట ‘లేదు’ అన్నా, అది ఏ క్రియకు అంటుకొని ఉన్నదో చూసుకోవాలి.

వైద్యంలో దీనికి మంచి ఉదాహరణ 2019లో వెలువడిన ఆండ్రోమెడా షాక్ ట్రయల్. దక్షిణ అమెరికాలోని 28 ఐసీయూలలో 424 మంది సెప్టిక్ షాక్ రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు వేలికొన నొక్కి వదిలాక ఎరుపు ఎంతసేపటికి తిరిగి వస్తుందో చూస్తూ, రెండవ జట్టుకు రక్తంలో లాక్టేట్ (రక్తప్రసరణ చాలనప్పుడు పెరిగే పదార్థం) కొలుస్తూ చికిత్స నడిపారు. 28 రోజులలో మొదటి జట్టులో 34.9 శాతం, రెండవ జట్టులో 43.4 శాతం మరణించారు. చూపుకు పెద్ద తేడాయే గాని, అది కాకతాళీయం కాదని చెప్పడానికి వారు ముందుగా పెట్టుకున్న హద్దును ఆ లెక్క కొద్దిలో అందుకోలేకపోయింది. కనుక ‘వేలి పరీక్ష మరణాలను తగ్గిస్తుందని తేలలేదు’ అనడం సత్యం; ‘తగ్గించదని తేలింది’ అనడం అసత్యం.

మీ కరపత్రంలోని పద్ధతి విషయానికి వస్తే, డాక్టరు గారి దిద్దుబాటు కూడా చాలదని నా అభిప్రాయం. ఆ పద్ధతిని పరీక్షించి, 2001లో వెలువడిన డెట్రాయిట్ (అమెరికా) ట్రయల్‌లో, ఒకే ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో 263 మందిని పరీక్షించగా, పెద్ద సిరలోకి గొట్టం వేసి ఆక్సిజన్ లెక్కలు చూస్తూ ఆరు గంటలు చికిత్స చేసిన జట్టులో 30.5 శాతం, మామూలు చికిత్స జట్టులో 46.5 శాతం ఆసుపత్రిలోనే మరణించారు. 2014, 2015లలో అమెరికా, ఆస్ట్రేలియా, ఇంగ్లండుల నుంచి వచ్చిన మూడు పెద్ద ట్రయల్స్‌లో ఆ మేలు కనబడలేదు. ఆస్ట్రేలియా ట్రయల్‌లో 90 రోజుల మరణాలు రెండు జట్లలో 18.6, 18.8 శాతం, అంటే ఇంచుమించు సమానం. అయితే ఆస్ట్రేలియా, ఇంగ్లండు ట్రయల్స్‌లో జట్లు వేయడానికి ముందే అందరికీ యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఆ సంగతి చెప్పకుండా ‘పనిచేయదు’ అని రాస్తే, త్వరగా చేసే చికిత్సే దండగ అని బంధువులు అనుకునే ప్రమాదం ఉన్నది. ఈ వాక్యానికి లోటు ‘కన్నా’ అన్న మాట. ‘త్వరగా యాంటీబయాటిక్, సెలైన్ ఇచ్చే మామూలు చికిత్స కన్నా ఈ పద్ధతి ఎక్కువ మేలు చేయలేదు’ అని రాయండి. ‘చేయదు’ అంటే ఎప్పటికీ, ఎక్కడైనా వర్తిస్తుంది. ‘చేయలేదు’ అంటే జరిగిన ట్రయల్స్ వరకే.

‘మేలు చేయలేదు’ అన్నది కూడా అన్నిటికీ సరిపోదు. జాంబియా రాజధాని లుసాకాలో, ఐసీయూ వసతులు అంతంతమాత్రంగా ఉన్న ఆసుపత్రిలో, సెప్సిస్‌తో (ఇన్‌ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితితో) రక్తపోటు పడిపోయిన 212 మందిపై జరిపిన ట్రయల్ 2017లో వెలువడింది. త్వరగా సెలైన్, రక్తపోటు పెంచే మందులు, రక్తం ఇచ్చే పద్ధతిని అనుసరించిన జట్టులో 48.1 శాతం, మామూలు చికిత్స జట్టులో 33 శాతం మరణించారు. అక్కడ ‘ఎక్కువమంది మరణించారు’ అని నేరుగా రాయవలసిందే. మెత్తని మాట పనికిరాదు.

ఇక ‘ఇవ్వబడును’ తప్పు కాదు గాని, అక్కర లేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మీ రైలు దారిలోనే ఉన్నది. వాడుక భాష గురించి మీకు నేను వేరే చెప్పనక్కరలేదు. ఎవరిస్తారో చెప్పవలసిన చోట ‘నర్సు మందు ఇస్తారు’ అనండి, చెప్పనక్కరలేని చోట ‘మందు ఇస్తారు’ అంటే చాలు.