వడ్డీ లెక్కలో అబ్బాయి పార్ట్‌టైమ్ జీతం రాసుకోకండి

ప్రశ్న: మా అబ్బాయికి టెక్సాస్‌లో ఎంఎస్ సీటు వచ్చింది. 35 లక్షల లోన్ తీసుకుంటున్నాం. చదువు నడిచినన్నాళ్లూ నెలనెలా వడ్డీ కట్టాలట. క్యాంపస్‌లో పార్ట్‌టైమ్ చేస్తే ఖర్చులూ వడ్డీ రెండూ గట్టెక్కుతాయని కన్సల్టెన్సీవాళ్లు అంటున్నారు. బయట గ్యాస్ స్టేషన్‌లో (పెట్రోల్ బంకులో) అయితే ఇంకా ఎక్కువ వస్తుందని బంధువులబ్బాయి చెప్పాడు. ఏది మేలు?
ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏది మేలో చెప్పడానికి లేదండీ. మొదటిది చేయొచ్చు, రెండోది చేయకూడదు.

ఎఫ్-1 వీసా మీద చదివేవారు క్యాంపస్‌లో పనికి ఇమిగ్రేషన్ శాఖ నుంచి విడిగా అనుమతి తెచ్చుకోనక్కర్లేదు. తరగతులు నడిచే రోజుల్లో మాత్రం వారానికి 20 గంటలు దాటకూడదు. రెండు చోట్ల చేసినా రెండూ కలిపే 20. టీచింగ్ అసిస్టెంట్‌గా చేసినా ఆ గంటలు ఇందులోవే. సెలవుల్లో ఫుల్‌టైమ్ చేయొచ్చు. లైబ్రరీ, డైనింగ్ హాల్, బుక్‌స్టోర్ వంటివన్నీ సరే. క్యాంటీన్‌ను బయటి కంపెనీ నడుపుతున్నా పరవాలేదు, అది క్యాంపస్‌లో విద్యార్థుల కోసం ఉన్నదైతే చాలు. అదే క్యాంపస్‌లో బిల్డింగ్ కడుతున్న కంపెనీలో చేరితే మాత్రం చెల్లదు.

ఇక డబ్బు సంగతి. టెక్సాస్‌లో కనీస వేతనం గంటకి 7.25 డాలర్లు. 2009 నుంచి అది కదల్లేదు. 20 గంటలకి వారానికి 145, నెలకి 600 పైచిలుకు. కొన్ని క్యాంపస్‌లలో ఇంకాస్త ఎక్కువే ఇస్తారు, కానీ వెళ్లిన వెంటనే పని దొరుకుతుందన్న భరోసా లేదు. దొరికితే నలుగురు కలిసి ఉండే ఇంట్లో తన వాటా అద్దెకో, సరుకులకో, ఫోన్ బిల్లుకో ఆసరా అవుతుంది. మీ వడ్డీ దాకా రాదు.

పోయినేడు నా దగ్గర కౌన్సెలింగ్ తీసుకుని వెళ్లిన అమ్మాయి వీడియో కాల్‌లో చెయ్యి చూపించింది. డైనింగ్ హాల్‌లో రాత్రి పదకొండు దాకా ప్లేట్లు కడిగి వేళ్ల చివర్లు నానిపోయి, తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. తెల్లవారితే మిడ్‌టర్మ్ పరీక్ష. కాసేపటి క్రితమే వాళ్ల నాన్నగారు ఫోన్ చేసి, 'ఈ నెల ఎంత పంపగలవమ్మా?' అని అడిగారట. ఆ పిల్ల నన్ను అడిగింది ఒకటే: 'బయట క్యాష్‌కి పని ఇస్తామంటున్నారు సార్, వెళ్లనా?'

చూడండి, పిల్లలు గ్యాస్ స్టేషన్ దాకా సరదాకి వెళ్లరు. ఇంటి నుంచి వచ్చే ఇలాంటి ఫోన్లే వాళ్లని అక్కడికి తోస్తాయి. అనుమతి లేని పని బయటపడితే స్టేటస్, అంటే విద్యార్థిగా అక్కడ ఉండే హక్కు, పోతుంది, వెంటనే దేశం విడిచి రావాలి. మామూలుగా స్టేటస్ తప్పినవాళ్లకి దాన్ని తిరిగి తెచ్చుకునే దారి ఒకటుంది. అనుమతి లేకుండా పని చేసినవాళ్లకి అదీ ఉండదు. అప్పుడు 35 లక్షల అప్పు మిగులుతుంది, డిగ్రీ మిగలదు. వీసా ఇంటర్వ్యూలో కూడా పార్ట్‌టైమ్ చేసి నెట్టుకొస్తానని మీవాడి నోట రానివ్వకండి. చదువుకి డబ్బు ముందే సిద్ధంగా ఉందని చూపించాల్సిన చోటది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరంలో లోన్ ఉంది, వడ్డీ ఉంది, బంధువులబ్బాయి ఉన్నాడు. మీ అబ్బాయి ఏ సబ్జెక్టులో ఎంఎస్ చేయబోతున్నాడో ఒక్క ముక్క లేదు. వీధిలో నలుగురు వెళ్లారని మనమూ పంపడం నాకు ఏళ్లుగా మింగుడుపడట్లేదు. అప్పు తీరేది ప్లేట్లు కడిగితే కాదండీ. చదువయ్యాక అదే వీసా మీద తన సబ్జెక్టులో ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీలో 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సయితే ఇంకో 24 నెలలు, ఆ కాలంలో వచ్చే అసలు ఉద్యోగంతో. ఆ ఉద్యోగం రావాలంటే ఇప్పుడు చదవడానికి అతనికి తీరిక ఉండాలి.

మీ భయం నాకు అర్థమవుతోంది. ఇంత అప్పు నెత్తికెత్తుకునే తండ్రికి నిద్ర పట్టదు. దానికి దారి లేకపోలేదు. చదువు పూర్తయ్యాక ఏడాది దాకా కంతులు మొదలవని లోన్ జాతీయ బ్యాంకుల్లో దొరుకుతుంది. వడ్డీ పేరుకుంటుంది నిజమే, కానీ చదువు నడిచినన్నాళ్లూ పిల్లాడి మీద పడదు. ఇప్పుడు చూస్తున్న లోన్ మీద సంతకం పెట్టేముందు మీ ఊళ్లో బ్యాంకుకి ఒకసారి వెళ్లి అడగండి. ఈ రాత్రి భోజనాల దగ్గర మీవాడిని కోర్సు గురించి అడిగి, చెప్పింది చెప్పినట్టు నాకు రాసి పంపండి. ఆ కోర్సుకి 35 లక్షలు పెట్టొచ్చో లేదో అప్పుడు చెబుతాను.