వాగు పక్కన ప్లాటు: అడ్వాన్సు ఇచ్చే ముందు లెవెల్ పట్టించండి

ప్రశ్న: నమస్కారం సార్. మాది మహబూబాబాద్ జిల్లాలో చిన్న పట్నం. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మావారు ఆటో నడుపుతారు. పదేళ్లు చిట్టీలు కట్టి కూడబెట్టిన డబ్బుతో ఊరి చివర 150 గజాల ప్లాటు చూశాం. వాగుకు, ప్లాటుకు మధ్య 60 మీటర్లు ఉంటుంది. 2024 సెప్టెంబరు వానలకే ఇక్కడికి నీళ్లు రాలేదు, ఇంకా భయమెందుకని అమ్మేవాళ్లు అంటున్నారు. మా మామయ్య మాత్రం వద్దంటే వద్దంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ముంపు ఉంటుందో లేదో మా అంతట మేం తెలుసుకునే దారి ఏదైనా ఉందా? – ఒక పాఠకురాలు

జవాబు: ఉందమ్మా. ముందు ఆ 60 మీటర్ల లెక్క పక్కన పెట్టండి. నీళ్లు పల్లం చూసుకుంటాయి, దూరం చూసుకోవు. నీటిపారుదల శాఖలో ముప్పై రెండేళ్లు పనిచేశాను. వాగు ఒడ్డునే గట్టు మీదున్న ఇల్లు పొడిగా ఉండి, అర కిలోమీటరు అవతలి వాడకట్టు నడుంలోతు మునిగిన ఊళ్లు చూశాను.

తాపీమేస్త్రీల దగ్గర నీళ్లు నింపిన సన్నటి ప్లాస్టిక్ లెవెల్ పైపు ఉంటుంది. దాని రెండు కొసల్లో నీళ్లు ఒకే ఎత్తున నిలుస్తాయి. ఒక మేస్త్రీకి సగం రోజు కూలి ఇచ్చి తీసుకెళ్లండి. వాగు మీద కల్వర్టు దగ్గరో, ఒడ్డున పాత బావి గోడ మీదో 2024 వరద మరక వెతకండి. సున్నం వేసిన గోడైతే వెనకవైపు చూడండి, అక్కడ ఎవరూ సున్నం వేయరు. సర్కారు తుమ్మ కొమ్మలకు చిక్కుకున్న గడ్డి, కవర్లు చూసి మోసపోవద్దు. వరదకు వంగిన కొమ్మ తర్వాత పైకి లేస్తుంది, నీళ్లు రానంత ఎత్తున చెత్త కనబడుతుంది. గోడ మీద మరకనే నమ్మండి. ఆ మరక నుంచి పైపు పట్టుకుని అంచెలంచెలుగా మీ ప్లాటు దాకా లెవెల్ తీసుకురండి. వరద దిగువకు సాగిన కొద్దీ నీటిమట్టం కిందికి దిగుతుంది కాబట్టి, ప్లాటుకు ఎదురుగానో, వాగు ఎగువ వైపునో ఉన్న మరక దొరికితే మంచిది. ప్లాటు నేల ఆ మరక కంటే కిందుంటే ఇక ఆలోచించే పనే లేదు, వదిలేయండి.

పైనుందా? అప్పుడు కూడా తొందరపడొద్దు. ఖమ్మంలో మున్నేరు 2023 జులైలో 30 అడుగులు దాటింది. ఇంతకంటే ఏం వస్తుందిలే అనుకున్నవాళ్లు ఎందరో. ఏడాది తిరిగేసరికి, 2024 సెప్టెంబరు 1న 36 అడుగులకు వచ్చింది. పోయిన వరద మరక ఒక గుర్తు మాత్రమే, అది హద్దు కాదు. అందుకే మరక కంటే కనీసం నాలుగడుగులు పైనుండాలని నేను పట్టుబడతాను.

ఇంకో పని చేయండి. ప్లాటులో ఒక మూల మూడడుగుల గుంత తవ్వించండి. ఇసుక పొర, దానిపైన ఒండ్రు, మళ్లీ ఇసుక, నున్నటి గులకరాళ్లు కనబడితే వాగు ఒకప్పుడు అక్కడ పారిందన్నమాట. తహసీల్దారు ఆఫీసులో గ్రామ నక్షా తీసుకుని, పాత ఒర్రె, అంటే చిన్న వాగు, ఏ సర్వే నంబర్ల మీదుగా పోయిందో చూడండి. లేఅవుట్ వేసినప్పుడు ఒర్రెను చదును చేసేస్తారు. కానీ నీళ్లు పాత దారి మరచిపోవు.

మన వాగుల్లో అసలు చిక్కు పైనున్న గొలుసుకట్టు చెరువులతో వస్తుంది. ఒక చెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే ఆ నీళ్లు కింది చెరువులోకి, అది నిండితే వాగులోకి. పైచెరువుకు గండి పడితే, రోజంతా రావాల్సిన నీళ్లు గంటలో వస్తాయి. మీ వాగులోకి ఎన్ని చెరువుల మత్తడి దూకుతుందో ఊళ్లో నీరటిని, అంటే చెరువు నీళ్లు చూసుకునే మనిషిని, అడగండి. ఏ కట్టకు ఎప్పుడు బుంగ పడిందో అతనికి నోటికొచ్చు. మా ఆఫీసు ఫైళ్లలో లేనివి ఎన్నో నేను నీరటుల దగ్గరే నేర్చుకున్నాను.

ఇక ప్లాటుకు దిగువన కల్వర్టు ఎలా ఉందో చూడండి. ఇది చాలామంది పట్టించుకోరు. వాగుకు పైన 20 చదరపు కిలోమీటర్ల నేల ఉందనుకుందాం. 20 సెంటీమీటర్ల వాన పడితే 40 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు. సగం ఇంకి, మిగతా సగం ఆరు గంటల్లో వచ్చినా సెకనుకు 90 ఘనపు మీటర్ల పైమాట, అంటే 3,200 క్యూసెక్కులు. మీటరు వెడల్పు సిమెంటు పైపులు రెండు వేసిన కల్వర్టు గుండా 200 క్యూసెక్కులు పోవడమే గగనం. మిగతాది రోడ్డు కట్టకు ఆనుకుని వెనక్కి ఎగదన్నుతుంది. రోడ్డు మీద నుంచి పొర్లితే తప్ప దానికి దారి ఉండదు.

ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు అలాంటి రెండు పైపుల కల్వర్టు ఒకటి నేనే దగ్గరుండి వేయించాను. మూడో ఏడు వానకు ఎగువ వాడకట్టంతా మునిగింది. వారం తర్వాత వెళ్తే ఒక ఇంట్లో తడిసిన వడ్ల బస్తాలు. గోనె సందుల్లోంచి మొలకలొచ్చి ఉన్నాయి. ఆ ఇంటావిడ నన్నేమీ అనలేదు. బస్తా మీద చేయి వేసి నిలబడింది. అప్పటినుంచి కల్వర్టు చూడకుండా ఏ స్థలం గురించీ నేను మాట చెప్పను.

వాగు 10 మీటర్ల కంటే వెడల్పుగా ఉంటే దాని హద్దు నుంచి 9 మీటర్లలోపు ఇల్లు కట్టకూడదని 2012 నాటి జీవో 168 (ఇళ్ల నిర్మాణ నిబంధనల ప్రభుత్వ ఉత్తర్వు) చెబుతోంది. మీ ప్లాటు 60 మీటర్ల దూరంలో ఉంది కాబట్టి అది మీకు అడ్డురాదు. కానీ ఆ నిబంధనలో దూరమే ఉంది, నేల ఎత్తు లేదు. కాబట్టి అనుమతి వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. మట్టి పోసి ఎత్తు చేసుకుందామనీ అనుకోవద్దు. ఆ నీళ్లు పక్కింటి వాళ్ల మీదికి పోతాయి.

మీ మామయ్యగారు ఎందుకు వద్దంటున్నారో ఒకసారి కూర్చోబెట్టి అడగండి. చిన్నప్పుడు ఆ చేలల్లో ఆయన ఏదో చూసే ఉంటారు. మరకకు, ప్లాటుకు తేడా ఎన్ని అంగుళాలు వచ్చిందో, కల్వర్టుకు ఎన్ని పైపులున్నాయో, ఎగువన ఎన్ని చెరువులో రాసి పంపండి. అవి చూశాక కొనొచ్చో లేదో, కొంటే పునాది ఎంత ఎత్తు లేపాలో చెబుతాను. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వకండి.