స్టడ్‌లు తెగాయి, తప్పు క్రేన్ వాళ్లదా? మెకానిక్‌దా?

ప్రశ్న: మాది సూర్యాపేట. ఉన్నది ఒక్క పది టైర్ల లారీ, నేనే నడుపుకుంటాను. లోడుతో విజయవాడ వెళ్తుంటే గేర్‌బాక్స్ పట్టేసింది. క్రేన్ వాళ్లు వెనక చక్రాలను తిప్పే యాక్సిల్ షాఫ్ట్‌లు తీసి, బండిని ఒక షెడ్డుకు లాక్కెళ్లారు. అక్కడ గేర్‌బాక్స్ బాగుచేసి, షాఫ్ట్‌లు బిగించి, కొంత బాకీ ఉంచుకుని లారీ ఇచ్చారు. పట్టుమని యాభై కిలోమీటర్లు పోకముందే ఎడమవైపు షాఫ్ట్‌ను చక్రానికి పట్టి ఉంచే స్టడ్‌లు (బోల్టులు) తెగి షాఫ్ట్ బయటికొచ్చింది. ఆయిల్ కారి బ్రేక్ లైనర్లు తడిసిపోయాయి. బండి మళ్లీ అదే షెడ్డుకు చేరింది. తప్పు క్రేన్ వాళ్లదని మెకానిక్, మెకానిక్‌దని వాళ్లు అంటున్నారు. పాత బాకీ కడితేనే లారీ ఇస్తారట. నేనేం చేయాలి?

జవాబు: షాఫ్ట్‌లు తీయడం తప్పు కాదు. వెనక చక్రాలు నేల మీద ఉండగా తీయకుండా లాగితే అవి గేర్‌బాక్స్‌ను తిప్పుతాయి, ఇంజిన్ ఆగి ఉంటే లోపల ఆయిల్ సరిగా అందదు. తీశాక హబ్‌లు (చక్రాల నడిమి భాగాలు) మూసి, నట్లూ వాషర్లూ లెక్కగా అప్పగించారా అన్నదే క్రేన్ వాళ్లను అడగాల్సింది.

నా ఉద్దేశంలో అసలు బాధ్యత షెడ్డుదే. స్టడ్ పాడైతే బిగించేవాడికి కళ్లెదుటే కనిపిస్తుంది. చూసి బిగించినా, చూడకుండా బిగించినా సేవాలోపమే. అయినా ఫిర్యాదులో ఇద్దరినీ చేర్చండి. కేసులో లేనివాడి మీదికి తప్పు నెట్టేయడం చాలా తేలిక.

తెగిన స్టడ్‌లను పాత ఇనుములో పోనివ్వకండి. కొంచెం కొంచెంగా నెర్రె పాకి తెగిందా, ఒక్కసారే విరిగిందా అన్నది ఆ ముక్కను చూసి ఇంజినీరు చెప్పగలడు. షాఫ్ట్ ఫ్లాంజి (స్టడ్‌లు దూరే చివరి బిళ్ల) రంధ్రాలు కోలగా సాగి ఉంటే నట్లు వదులైనట్టు గట్టి అనుమానం. ఫొటోలు తీయించి, వేరే ఇంజినీరుతో రిపోర్టు రాయించుకోండి. అప్పటిదాకా ఆ హబ్ ముట్టుకోవద్దని షెడ్డుకు రాతపూర్వకంగా చెప్పండి.

ఇక లారీ ఆపడం. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ప్రకారం, మరమ్మతు చేసినవాడు తన కూలీ అందేదాకా వస్తువును ఉంచుకోవచ్చు. కానీ ఒకసారి లారీని మీ చేతికిచ్చేశాక, ఆ పాత బాకీ కోసం మళ్లీ పట్టుకునే హక్కు ఉండదన్నది మీ వాదన. న్యాయం మీ వైపున్నా బండి ఆగితే పొట్ట గడవదు కదా! బిల్లు మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను, పరిహారం అడిగే హక్కు వదులుకోలేదు" అని రాసి, బ్యాంకు ద్వారా కట్టి తెచ్చుకోండి. నగదు వద్దు.

ముందు లాయర్ నోటీసు, తర్వాత మీ జిల్లా వినియోగదారుల కమిషన్. గడువు రెండేళ్లు. మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. "లారీ వ్యాపారానికి, మీరు వినియోగదారు కారు" అన్న అభ్యంతరం తప్పక వస్తుంది. సొంతంగా లారీ కొని తానే నడుపుకునేవాడు వినియోగదారేనని 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు అంది. డ్రైవర్‌ను పెట్టి నడిపిస్తే ఈ వెసులుబాటు కష్టం. ఇంకో చిక్కు, 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఈ మినహాయింపు వస్తువుల గురించే చెబుతుంది, మరమ్మతు లాంటి సేవల మాట లేదు. కమిషన్ ఒప్పుకోకపోతే మూడేళ్లలోపు సివిల్ కోర్టు ఉంది.

పోయిన కిరాయి కూడా అడగొచ్చు, అయితే లోడు ఎప్పటికి చేరాలో షెడ్డుకు ముందే తెలిసుండాలి. ఆ సంగతి చెప్పిన వాట్సాప్ మెసేజ్ ఉంటే డిలీట్ చేయకండి. బీమా మీద ఆశ పెట్టుకోవద్దు, మామూలు పాలసీ మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు వర్తించదు.