పిల్లకి తగ్గిపోయింది కదా, ఇంకా చందాలెవరికి?

"బిడ్డకి క్యాన్సర్ నయమయ్యాక కొన్ని కుటుంబాలు పరిశోధన కోసం విరాళాలు పోగుచేస్తుంటాయి. ఆ డబ్బు ఓ పేద పిల్లాడి వైద్యానికి ఇస్తే మేలు కదా?" అని ఒకరు అడిగారు. అదీ మేలే. కానీ వైద్యానికి ఇచ్చేవాళ్లు ఎలాగోలా దొరుకుతారు, పరిశోధనకి దొరకరు. అందుకే మేం పరిశోధనకే అడుగుతాం.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా అమ్మాయికి వచ్చింది ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా, అంటే ఓ రకం రక్త క్యాన్సర్. పిల్లల క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఇంజక్షన్లు, వెన్నులోకి మందు, ఆ తర్వాత ఇంటి దగ్గర రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్రలు. స్టెరాయిడ్లు వాడే రోజుల్లో అర్ధరాత్రి లేచి పప్పన్నం పెట్టమని ఏడ్చేది. ఇప్పుడు రెండు జడలేసుకుని బడికెళ్తోంది.

మందులు ఆపేశాక చందాలు మొదలుపెడదామనుకున్నాం. కోనసీమలో మనిషిని ఐదొందలడిగితే "చూద్దాంలెండి" అంటాడు. దింపు రోజున, అంటే చెట్ల నుంచి కొబ్బరికాయలు దింపించే రోజున, రాశి పక్కన నిలబడి కాయలడిగితే మాత్రం లేదనడు. అందుకని కాయలే అడిగాం, అమ్మి డబ్బు చేద్దామని. మా ఆయన ట్రక్కు ఆటోలో తిరిగి తెచ్చి పెరట్లో పోస్తుంటే, వరసకి మాకు బాబాయ్ అయ్యే రైతు ఒకాయన వచ్చి, రాశిలో కాయ ఒకటి తీసి చెవి దగ్గర ఆడించి చూశాడు.

"పిల్లకి తగ్గిపోయింది కదమ్మా, ఇంకా ఇవెవరికి?"

"మందుల మీద పరిశోధన చేసేవాళ్లకి బాబాయ్."

"అయ్యన్నీ అమెరికావాళ్లు చూసుకుంటారు. అన్నదానమైతే చెప్పు, వంద కాయలు పంపిస్తాను."

నాకు ఒళ్లు మండింది. లోపలికెళ్లి మెథోట్రెక్సేట్ డబ్బా తెచ్చి చేతిలో పెట్టాను. దీని వెనకున్నాయన మన భీమవరంలో పుట్టాడు బాబాయ్ అన్నాను. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో పుట్టి, రాజమండ్రిలో చదువుకుని, 1922లో బోస్టన్ వెళ్లారు. చేతిలో డబ్బుల్లేవు. మామగారు కొంత సర్దారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి నుంచి కొంత సాయం అందింది. తర్వాత అక్కడి లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో ఆయన బృందం అమినోప్టెరిన్, దాని తోబుట్టువులాంటి మెథోట్రెక్సేట్ తయారుచేసింది. ఆ అమినోప్టెరిన్‌నే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా పిల్లలకి ఇచ్చారు. కొంతమందికి కొంతకాలమైనా జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించారు. సుబ్బారావు గారు పోయిందీ ఆ ఏడాదే. ఫార్బర్ పరిశోధన కోసం అమెరికా రేడియోలో 'జిమ్మీ' అనే మారుపేరుతో ఓ జబ్బు పిల్లాడిని మాట్లాడించి చందాలడిగిందీ ఆ ఏడాదే. రెండు లక్షల డాలర్లు దాటి వచ్చాయి. అంటే అమెరికావాళ్లూ చందాలతోనే చూసుకున్నారు!

బాబాయ్ అంతా విని, "కాకినాడోళ్లు ఇచ్చారా?" అన్నాడు. సాయంత్రానికి కాయలొచ్చాయి. ఊరి తీర్థంలో (జాతరలో) మైకులో పేరు చదివిస్తారా అని కబురు కూడా వచ్చింది.

ఈ పేర్ల పిచ్చి ఒకటి మన ప్రాణానికి! ఫ్యాను ఇస్తే ఫ్యాను రెక్కల మీద పేరు. సంక్రాంతికి పందెం బరుల్లో మాత్రం పేరూ ఊరూ లేకుండా ఎంత డబ్బైనా చేతులు మారుతుంది. మన జిల్లాల్లో డబ్బు లేదంటే నేను చచ్చినా నమ్మను. ఇంకొకాయనైతే "పిల్ల గుండుతో ఉన్న ఫొటో వాట్సాప్‌లో పెట్టండి, బాగా వస్తాయి" అని సలహా ఇచ్చాడు. పెట్టలేదు. ఏడుపు చూపిస్తేగాని జేబులోంచి చెయ్యి బయటికి రాదా?

పరిశోధన అంటే ఎలుకలూ గాజు గొట్టాలే అనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో బాగా డబ్బున్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా బతుకుతున్నారు, పేద దేశాలు చాలావాటిలో 30 శాతం కూడా లేరు. మన పిల్లలు చనిపోయేది ఒక్క జబ్బుతోనే కాదు, మందులు వాడే రోజుల్లో పట్టుకునే ఇన్ఫెక్షన్లతోనూ పోతారు. కొందరిని డబ్బుల్లేక మధ్యలోనే ఇంటికి తీసుకెళ్లిపోతారు. ఇక్కడి పిల్లల ఒంటికి ఏ మోతాదు సరిపోతుందో, ఎవరికి తగ్గించవచ్చో తేల్చడానికి మన దేశంలోనే కొన్ని ఆసుపత్రులు 'ఐసైకిల్' పేరుతో కలిసి పనిచేస్తున్నాయి. ఆ లెక్కలు రాసేవాళ్లకీ, ఇంటికెళ్లిన పిల్లల్ని ఫోన్ చేసి కనుక్కునేవాళ్లకీ జీతాలు ఎక్కడినుంచి వస్తాయి?

మీరూ మొదలుపెడితే, డబ్బు పిల్లల క్యాన్సర్ పరిశోధనకే వాడతామని కాగితం రాయించుకోండి, ఆదాయపు పన్ను మినహాయింపుకి పనికొచ్చే రసీదు అడగండి. ఒకచోట మా చెక్కు పుచ్చుకుని రసీదు కోసం నెలల తరబడి తిప్పారు, మరుసటి ఏడాది ఆ గుమ్మం తొక్కలేదు. సెప్టెంబరు పిల్లల క్యాన్సర్ నెల కాబట్టి అప్పుడే చందాలడగమని పట్నంవాళ్లు చెప్తారు. మా దగ్గర అప్పుడు వానలు, గోదారి వరద భయం, చెట్టెక్కే మనిషే దొరకడు. మేం సంక్రాంతి ముందు దింపుకి అడుగుతాం. కాయ రేటు పడిపోయిన ఏడాది రాశి పెద్దదవుతుంది, డబ్బు తక్కువొస్తుంది. రేటు బాగుంటే బాబాయ్‌తో సహా అందరూ లెక్కపెట్టి మరీ ఇస్తారు.